శుభం పడని సినిమా

"ఇంకో రీలు పెట్టవోయ్!"

మొదటి రాయి క్యాబిన్ రేకు మీద పడింది. రెండోది కిటికీలోంచి లోపలికి వచ్చి ఆపరేటర్ ఆంజనేయులు టీ గ్లాసును పగలగొట్టింది.

మదీనాగూడ దగ్గర, బొంబాయి రోడ్డు పక్కన, బాలనర్సయ్య వేసిన టూరింగ్ టాకీస్ అది. డెబ్బై నాలుగో సంవత్సరం, వానాకాలం. డేరాలో ఉన్నది ఒకటే మిషను. రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేసి, ఇంకో రీలు ఎక్కించి, మళ్లీ లైట్లు ఆర్పాలి. జనానికి అది అలవాటే. కానీ ఈసారి వెలిగిన లైట్లు ఆరలేదు. గొడవ అక్కడ మొదలైంది.

ఆఖరున తెర మీద కనిపించింది ఇది. వకీలు హత్య జరిగింది. జోరున వాన. ఇన్‌స్పెక్టర్ ఒక ఇంటి తలుపు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. ఎవరు తెరిచారో చూసేవాళ్లకు కనపడదు. ఇన్‌స్పెక్టర్ కళ్లు పెద్దవయ్యాయి. "నువ్వా!" అన్నాడు. అంతే.

"శుభం పడలే! రీలు కోసిండ్రు!" పాలు పోసే ఎల్లేశం బెంచీ ఎక్కి అరిచాడు.

ఆంజనేయులు రీళ్లు పెట్టే అర వైపు చూశాడు. ఖాళీ. ఈ సినిమా అతనూ ముందు చూడలేదు. ఊళ్లన్నీ తిరిగి అరిగిపోయిన ప్రింటు బస్సులో వచ్చింది. ఇచ్చిన రీళ్లన్నీ వేశాడు.

"అయిపోయిందండీ! సినిమా అంతే!"

"అంతే ఏంది బే? సంపినోడెవడు?"

మూడో రాయికి జనం వంగారు. బాలనర్సయ్య చేతులు జోడించాడు. ఎవరూ చూడలేదు. డేరా గుంజలు ఊగుతున్నాయి.

అప్పుడు టికెట్ల గూట్లోంచి మైకు గరగరలాడింది. బాలనర్సయ్య కూతురు భూలక్ష్మి గొంతు.

"మదీనాగూడోళ్లు జర ఇనుర్రి. సంపినోడెవడో మీకు సమజ్ గాలేదా? గోపన్‌పల్లోళ్లకైతే అయింది. సూడుండ్రి, సప్పుడు జేయకుండ ఎట్ల కూసున్నరో."

గోపన్‌పల్లి నుంచి వచ్చిన నలుగురూ నిజానికి నిద్రపోతున్నారు. కానీ ఎల్లేశం చేతిలో రాయి ఆగింది.

"మాకు సమజ్ గాలేదని ఎవడన్నడు? వకీలు తమ్ముడే సంపిండు."

"తమ్ముడెట్ల సంపుతడు? పెండ్లాం సంపింది," అంది ఆడవాళ్ల వైపు నుంచి సక్కుబాయి.

"మొగడు సస్తే ఆమెకేమొస్తది?"

"నీ పెండ్లాన్ని అడుగుపో, చెప్తది."

డేరా అంతా నవ్వింది. వాదన రోడ్డెక్కి ఊళ్లోకి నడిచింది. డేరా నిలబడింది.

భూలక్ష్మి అన్న మాటతో ఒక చిక్కు వచ్చిపడింది. ఇక తనకు తెలియదని ఒప్పుకునే మగాడు చుట్టుపక్కల లేకుండా పోయాడు. ఎల్లేశం పాలతో పాటు తమ్ముడి మీద సాక్ష్యాలు కూడా పోస్తున్నాడు. ఫ్యాక్టరీ బస్సులో వెల్డర్లు డాక్టర్ అన్నారు, ఫిట్టర్లు ఇన్‌స్పెక్టరే అన్నారు. తలుపు తెరిచిన చేతికి గాజులున్నాయని ఒకరు, గడియారం ఉందని ఒకరు. తేల్చుకోవడానికి మళ్లీ టికెట్లు కొన్నారు. నార్సింగి నుంచి ఎడ్లబండి కట్టుకుని వచ్చారు. మూడు రోజులు ఆడితే గొప్ప అనుకున్న సినిమా రెండో వారంలో పడింది.

ఆంజనేయులుది తెనాలి దగ్గర పల్లె. మొదట్లో జనానికి భయపడి అన్న 'సినిమా అంతే' అనే మాటనే ఇప్పుడు నమ్మడం మొదలుపెట్టాడు. ఆట మొదలుకాకముందు టికెట్ల గూడు దగ్గర నిలబడి భూలక్ష్మికి వివరించేవాడు.

"హంతకుణ్ణి చూపిస్తే ఏముందండీ? ఇంటికెళ్లి అన్నం తిని మర్చిపోతాం. చూపించలేదు కాబట్టే తలుచుకుంటున్నాం. ఆ డైరెక్టర్ మహానుభావుడండీ."

"అంత తెలివా?" గోనెపట్టా పరిచిన తన ఎత్తుపీట మీంచి కదలకుండా అడిగింది భూలక్ష్మి.

"తెలివి కాదండీ, ధైర్యం."

"ఇంకో పారి చెప్పు ఆపరేటర్ సాబ్. మంచిగనిపిస్తున్నది."

ఆమె పెదవి కొరుక్కుంది. తన తెలుగుకు నవ్వుతోందనుకున్నాడు.

వాళ్లిద్దరి సంగతి డేరాలో చాలామందికి తెలుసు, వాళ్లిద్దరికి తప్ప. రీలు మారిన ప్రతిసారీ లైట్లు వెలుగుతాయి. క్యాబిన్ కిటికీలో అతని తల కనపడుతుంది. ఆడవాళ్ల పరదా పక్కన ఆమె కళ్లు కనపడతాయి. కొత్త రీలు ఎక్కించడానికి అతనికి రోజురోజుకీ ఎక్కువ సమయం పడుతోంది. "మిషను పాతది," అనేవాడు.

ఒక రోజు చినుకులు పడుతుంటే ఆమె అడిగింది. "బెజవాడ టాకీసుల ఎన్ని మిషన్లుంటయి?"

"రెండండీ. ఒకటి అయిపోతుండగానే రెండోది మొదలవుతుంది. మధ్యలో లైట్లే వెయ్యక్కర్లేదు."

"అయితే నువ్వు ఎవర్నీ సూసుడుండదు."

అతను క్యాబిన్ వైపు నడిచాడు. బెజవాడ టాకీసులో అతనికి కొలువు సిద్ధంగా ఉంది. వెళ్లాలంటే ఆపరేటర్ లైసెన్సు మీద మచ్చ ఉండకూడదు, అంతే.

మచ్చ గురువారం సాయంత్రం బస్సు దిగింది.

వచ్చింది సినిమా కంపెనీ రిప్రజెంటేటివ్ సీతారామయ్య. ప్రింటు తీసుకుపోవడానికి వచ్చాడు. పెట్టె తెరిచి డబ్బాలు చూశాడు. మళ్లీ చూశాడు.

"ఆఖరి రీలు ఏదయ్యా?"

"ఆఖరి రీలేంటండీ?" అన్నాడు ఆంజనేయులు.

"తలుపు తీశాక వచ్చే రీలు! హంతకుడు దొరికే రీలు! ఫిల్ము కరిగించి గాజులు చేసేవాళ్లకు అమ్ముకున్నావా?"

మొదటి ఆటకు వచ్చిన జనం ఈ మాట విన్నారు. రీలుందట అన్న కబురు డేరా చుట్టూ ఒక్క ఊపులో తిరిగింది. ఎల్లేశం పాల క్యాన్ కింద పెట్టాడు.

"పోలీసు రిపోర్టు ఇస్తాను. నీ లైసెన్సు పోతుంది," అన్నాడు సీతారామయ్య.

ఆంజనేయులు ఆలోచించాడు. కొత్త పెట్టె వచ్చినప్పుడు డబ్బాలకు పసుపు, కుంకుమ పెట్టి, ఆడపిల్ల చేతుల మీదుగా క్యాబిన్‌కు పంపడం బాలనర్సయ్య నమ్మకం. డబ్బాలు తెచ్చి ఇచ్చింది ఒక్కరే. ఆ ఒక్కరు ఆ రోజు నుంచీ తను టికెట్ల గూడు దగ్గరకు వెళ్లినప్పుడల్లా పీట మీంచి లేవడం లేదు.

అతను టికెట్ల గూడు దగ్గరకు నడిచాడు.

"ఒకసారి లేవండి."

"మోకాలు నొస్తున్నది."

"భూలక్ష్మిగారూ."

ఆమె లేచింది. అతను గోనెపట్టా తీశాడు. పీట మీద రేకు డబ్బా. మూత మీద పసుపు అలాగే ఉంది.

"ఎందుకండీ?"

"డబ్బాలు తెచ్చిననాడు ఏమన్నవ్? 'ఈ సినిమా అయిపోగానే బెజవాడ వెళ్లిపోతానండీ' అన్నవ్. అన్నవా, లేదా?"

"అన్నాను."

"గందుకే అయిపోకుండ జేసిన."

వాన పెద్దదయింది. అతను డబ్బా వైపు చూశాడు.

"అయితే ఆ ముగింపు డైరెక్టర్‌ది కాదా?"

"నాదే. నువ్వు మెచ్చుకున్నదంత నన్నే. నవ్వు ఆపుకోలేక సచ్చిన." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇగ పోయి చెప్పు. తప్పు నాది."

అతను డబ్బా తీసుకుని వెళ్లి సీతారామయ్య ముందు పెట్టాడు.

"నేనే దాచానండీ."

"ఎందుకు?"

"చెప్పలేనండీ."

బాలనర్సయ్య అతని మొహంలోకి చూశాడు. "అబద్ధం. నా డేరాల ఒక్క మేకు తక్కువైనా నాకు చెప్పేటోడివి. ఎవరిని కాపాడుతున్నవ్ బిడ్డా?"

ఆంజనేయులు డబ్బా మూత మీది పసుపును చేత్తో తుడిచేశాడు.

"కంపెనీకి ఒక పేరు రాయాలి," సీతారామయ్య కాగితం తీశాడు. "ఇతనే ఒప్పుకున్నాడుగా. పద స్టేషన్‌కి."

"ముందు రీలు ఆడించాలె!" జనం అడ్డం నిలబడ్డారు. "హంతకుడెవడో తెల్వకుంట ఎవడూ ఎటూ పోడు!"

సినిమా మొత్తం చూసే ఓపిక ఎవరికీ లేదు. ఆఖరి రీలు ఒక్కటే ఎక్కించాడు. తలుపు తెరిచింది డాక్టర్ దగ్గర పనిచేసే కంపౌండర్. సినిమాలో రెండుసార్లు సీసా పట్టుకుని కనిపించి పోయిన మనిషి. రెండు వారాల్లో ఒక్కరు కూడా అతని పేరెత్తలేదు.

"నాకు ముందే తెలుసు," అన్నాడు ఎల్లేశం.

"నోర్ముయ్," అంది సక్కుబాయి.

శుభం పడింది. లైట్లు వెలిగాయి. అలవాటు ప్రకారం క్యాబిన్ కిటికీలో ఆంజనేయులు తల కనపడింది. పరదా పక్కన ఆమె లేదు.

మైకు గరగరలాడింది.

"ఆపరేటర్ సాబ్. సినిమా అయిపోయింది. పోతవా?"

జనం తలలన్నీ క్యాబిన్ వైపు తిరిగాయి. హంతకుడి కోసం కూడా ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఆంజనేయులు కిటికీలోంచి సగం బయటకు వంగాడు. అతనికి మైకు లేదు. గట్టిగా అరవాల్సి వచ్చింది.

"పోనండీ!"

"బెజవాడల రెండు మిషన్లుంటయి."

"నాకు ఒక్కటి చాలండీ! మధ్యలో లైట్లు కావాలి!"

డేరా గుడ్డ ఎగిరిపోయేలా ఈలలు వేశారు. ఆ గోలలో బాలనర్సయ్య టికెట్ల గూట్లోకి వెళ్లడం ఎవరూ గమనించలేదు. కూతురి మొహం చూశాడు. గోనెపట్టా పోయి ఎత్తు తగ్గిన ఖాళీ పీట చూశాడు. మైకు ఆమె చేతిలోంచి తీసుకుని గొంతు సవరించుకున్నాడు.

"రిప్రజెంటేటివ్ సాబ్. పేరు గావాలంటివి గద, రాసుకో."

సీతారామయ్య కలం మూత తీశాడు.

"రీలు దాచింది ఆపరేటర్ కాదు. ఆపరేటర్‌కు కాబోయే పెండ్లాం. నా బిడ్డ, భూలక్ష్మి."