ఈసారి నా వీపు ఇవ్వను

కాబోయే వియ్యంకుడు తమ కుటుంబం గురించి చెబుతుండగా వుర్యాని కూర్చున్నచోటే నిద్రపోయింది. నిద్రపోవడమొక్కటే అయితే ఎవరూ చూడనట్టు ఊరుకునేవారేమో! ఆమె గురక పెట్టింది. ముందుగదిలో చాపల మీద కూర్చున్న చుట్టాలు మాటలు ఆపి ఆమెవైపు తిరిగారు. గురక పెరిగి, పెరిగి, ఒక్కసారిగా ఆగిపోయింది. ఊపిరి లేదు. అందరూ వింటున్నారు... అంతలో గొంతులో ఏదో తెగినట్టు చప్పుడై ఆమె ఉలిక్కిపడి లేచింది. చేతిలోని టీ గ్లాసు జారి, పక్కనే కూర్చున్న కూతురు కినాసి కట్టుకున్న కొత్త బాతిక్ బట్ట మీద ఒలికింది.

"వదినగారు అలిసిపోయినట్టున్నారు," అంది పెళ్ళికొడుకు తల్లి. నవ్వుతూనే అంది. పెళ్ళి తేదీ మాట ఎత్తకుండానే, పళ్ళెంలో వేయించిన లుంపియా చుట్టలు సగం వదిలేసి, వాళ్ళు లేచారు.

వాళ్ళ బండి సందు దాటగానే అత్తగారు సుకినెమ్ తలుపు వేసింది.

"పరువు తీశావు కదే నోక్!" నోక్ అంటే అమ్మాయీ అని. కోడలు వచ్చిన రోజు నుంచీ ఆమెది అదే పిలుపు, ముద్దుకూ అదే, కోపానికీ అదే. "ఈ సెమరాంగ్ మొత్తంలో, పెళ్ళికూతురి తల్లి వియ్యాలవారి ముందు దున్నపోతులా గురక పెట్టిందని ఎక్కడైనా విన్నావా?"

"కావాలని చేశానా ఇబూ..." అత్తగారిని అమ్మా అన్నట్టు వుర్యాని అలాగే పిలుస్తుంది.

"ఆ ఇంట్లో నేను తలెత్తుకుని ఎలా తిరగాలమ్మా? చెప్పు!" కినాసి తడిసిన బట్టను పిండుకుంటూ ఏడుస్తోంది.

భర్త ప్రసోజో మిగిలిన లుంపియాలు డబ్బాలో సర్దుతున్నాడు. అవి రేపు అమ్మడానికి పనికిరావని అతనికి తెలుసు. అయినా సర్దుతున్నాడు.

వాళ్ళది లుంపియాలు చేసి అమ్మే ఇల్లు. తెల్లవారకముందే లేచి వెదురు మొలకలు తరగడం వుర్యాని పని. తరుగుతూ తరుగుతూ కునికేది. పిండి పొరలు చుడుతూ కునికేది. ఒకసారి మరుగుతున్న నూనె పక్కనే తూలింది. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. తిని కూర్చుని ఒళ్ళు పెంచుకుందన్నారు. బద్ధకమన్నారు. ఆ గురకకు నిద్ర పట్టడంలేదని ప్రసోజో అన్న రోజున, ఆమె మాట్లాడకుండా చాప తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కినాసి అప్పుడు బడికి వెళ్ళే పిల్ల. ఆ చాప మళ్ళీ గదిలోకి రాలేదు. తర్వాత షుగరు వచ్చింది. దాని వెనకే బీపీ వచ్చింది. ప్రతి ఉదయం తల మీద రుబ్బురోలు పెట్టినట్టుండేది. దేనికైనా ఆ ఇంట్లో ఒకటే జవాబు: గాలి దూరింది. ఒంట్లో దూరిన గాలిని బయటికి రప్పించాలంటే వీపుకు నూనె రాసి, చర్మం ఎర్రగా కందేదాకా నాణెంతో గీయాలి. చారలు ఎంత ఎర్రగా తేలితే అంత గాలి పోయినట్టు. సందులో ఎవరికి నలతగా ఉన్నా సుకినెమ్ దగ్గరికే వచ్చి వీపు చూపేవారు. ఆమె చెయ్యి అంత మంచిదని పేరు.

పెళ్ళివారు లేచి వెళ్ళిన ఆ రోజూ సుకినెమ్ నూనె గిన్నె, డచ్చివాళ్ళ కాలంనాటి రాగి నాణెం తెచ్చుకుని పీట మీద కూర్చుంది.

"రా. మూడు పూటలుగా ముఖం తేలేస్తున్నావు. గాలి గట్టిగా పట్టింది. అటు తిరుగు."

వుర్యాని తిరగలేదు. ఆమెకు రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. కొన్ని వారాలుగా అలాగే ఉంది. ఎవరితోనూ అనలేదు.

"వద్దు ఇబూ."

"ఏమిటి?"

"ఈసారి నా వీపు ఇవ్వను! నేను ఆస్పత్రికి వెళ్తాను."

ఆ ఇంటికి కోడలై వచ్చాక ఆమె అత్తగారితో వద్దు అన్నది అదే మొదటిసారి.

షుగరు మాత్రలిచ్చే నర్సు ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. పెద్దాస్పత్రిలో ఏదో పరిశోధన జరుగుతోందట. షుగరు ఉండి, గురక పెట్టే ఆడవాళ్ళ గుండెలు పరీక్షిస్తారట. వుర్యాని ఒంటరిగా బస్సెక్కి వెళ్ళింది. రక్తం తీశారు. రొమ్ము మీద బరువు సంగతి చెబితే గుండె బొమ్మ తీశారు. ఒంటికి తీగలు అతికించి అక్కడే పడుకోబెట్టారు. మర్నాడు పొద్దున డాక్టర్ హెస్తి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నిద్రలో మీ ఊపిరి గంటకు నలభైసార్లకు పైగా ఆగుతోంది వుర్యానిగారూ. ఆగిన ప్రతిసారీ రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. మెదడు హడలిపోయి మిమ్మల్ని కుదిపి లేపుతుంది, మీకు గుర్తుండదు. గుండె పరుగెడుతుంది. బీపీ లేస్తుంది. షుగరు మాట వినదు. రాత్రంతా పోరాడి లేచాక పగలు కళ్ళు మూతలు పడక ఏం చేస్తాయి?"

"ఇదంతా షుగరు వల్లేనా?"

"షుగరు, ఒళ్ళు, ఊపిరి, గుండె... ఒకదాన్ని ఒకటి లాగుతాయి. ఏది ఎంత లాగుతుందో ఇంకా తేలలేదు, అందుకే ఈ పరిశోధన. ఇన్నాళ్ళూ ఎక్కువగా వచ్చింది మగవాళ్ళే. గురక పెడతానని చెప్పుకోవడానికి ఆడవాళ్ళకు సిగ్గు."

వుర్యాని మోచేతి మీది మచ్చను తడుముకుంది.

"అయితే... నాది బద్ధకం కాదా డాక్టరుగారూ?"

డాక్టరు తలెత్తింది. "ఎవరన్నారు?"

"అందరూ..." అంది వుర్యాని. అని, ఏడ్చింది. జబ్బని తెలిసి ఏడ్వలేదు. జబ్బేనని తెలిసి ఏడ్చింది!

గొంతు గోడలు నిద్రలో అతుక్కుంటాయని, మాస్కులోంచి గాలి పంపితే విడిపోయి ఉంటాయని డాక్టరు బొమ్మ గీసి చూపింది. తడిసి అతుక్కున్న లుంపియా పొరల మధ్య ఊది విడదీయడం వుర్యానికి చేతి అలవాటు. బొమ్మ సగంలోనే తలూపింది. పరిశోధన ముగిసేదాకా మిషను ఇంట్లో ఉంచుకోమన్నారు. బయలుదేరుతుంటే డాక్టరు ఒక మాట అంది. "గుండెకు ఇంకా పెద్ద దెబ్బ తగల్లేదు. ఛాతీలో మళ్ళీ బరువనిపిస్తే నేరుగా ఇక్కడికే రండి. ఇక్కడికి ఆలస్యంగా వచ్చేవాళ్ళను పక్కకి తిప్పితే వీపు నిండా ఎర్ర చారలుంటాయి."

బస్సులో వుర్యానికి మామగారి వీపు కళ్ళముందు మెదిలింది. కినాసి కడుపులో ఉన్నప్పటి సంగతి. సందు చివరిదాకా వినిపించేది ఆయన గురక. షుగరూ ఉండేది, పగలంతా మగతే. ఒకనాటి పొద్దున్న రొమ్ము పట్టుకుని కూర్చున్నాడు. సుకినెమ్ గీస్తోంది. నూనె గిన్నె పట్టుకుని నిలబడింది వుర్యాని. సగం వీపు గీసేసరికి ఆయన ముందుకు వాలిపోయాడు. ఒంట్లో కూర్చుండిపోయిన గాలి తీసుకుపోయిందన్నారు అందరూ. ఆ చారలతోనే ఆయన్ని మట్టి చేశారు.

మిషను చూడగానే సుకినెమ్ రెండడుగులు వెనక్కి వేసింది.

"జనం ఒంట్లో గాలి తీసి తీసి నా వేళ్ళు అరిగిపోయాయి. నువ్వు గాలి ఎక్కించే మిషను తెచ్చావా నా ఇంట్లోకి! ఫ్యాను ఎదురుగా పడుకుంటేనే మనిషి పోతాడే!"

ప్రసోజో సర్దిచెప్పబోయాడు. "పిల్ల పెళ్ళి కానీ వుర్. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఇది కనబడితే, రోగిష్టి ఇల్లనుకుంటారు. ఈ కొద్ది రోజులూ ఓర్చుకో."

"వంటింట్లో పడుకుని చాలా ఓర్చుకున్నాను మాస్," అంది వుర్యాని, భర్తను ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే. "వంటింట్లో ప్లగ్గు లేదు. మన గదిలో మంచం పక్కనే ఉంది. నేను మంచం మీద పడుకుంటాను. ఇష్టంలేనివాళ్ళకు చాప అక్కడే ఉంది, తీసుకోవచ్చు!"

అతను చాప తీసుకోలేదు. మంచం మీద ఓ పక్కకు జరిగాడు.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. పొద్దున లేస్తే తల మీద రోలు లేదు. మొలకలు తరుగుతుంటే కత్తి జారలేదు. ఐదోనాటి పొద్దున మాస్కు కనబడలేదు. ఇల్లంతా వెతికిన వుర్యాని చివరికి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. గొట్టం తగిలింది. దాన్ని పట్టుకుని అత్తగారి ముందు నిలబడింది.

"ఎందుకు ఇబూ?"

"నిన్ను పోగొట్టుకోలేక!" ముసలావిడ కేక వేసింది. "గాలి ఏం చేస్తుందో నాకు తెలుసు! నా కళ్ళముందే నా మనిషిని తీసుకుపోయింది!"

"గాలి కాదు ఇబూ... గుండె. నాకున్నదే ఆయనకూ ఉండి ఉంటుంది. ఆ గురక, ఆ మగత, ఆ షుగరు. ఆ పొద్దున గుండె ఆగిపోతోంది."

సుకినెమ్ చేతివేళ్ళు ఒళ్ళో ఉన్న బట్టను గీస్తున్నాయి, పైనుంచి కిందికి, పైనుంచి కిందికి.

"అయితే... అది ఆగిపోతుంటే... నేను గీస్తూ కూర్చున్నానా?"

కాదని చెప్పడం తేలిక. వుర్యాని నోటిదాకా వచ్చింది ఆ మాట. చెప్పలేదు. కిందకు కూర్చుని ఆ వేళ్ళు పట్టుకుంది.

"మీకు తెలియదు ఇబూ. నాకూ తెలియదు. నూనె గిన్నె పట్టుకున్నది నేనే కదా! కానీ ఈసారి మనిద్దరికీ తెలుసు..."

సుకినెమ్ సాయంత్రందాకా గదిలోంచి రాలేదు. అప్పుడు వీపు గీయించుకోవడానికి వచ్చిన పక్కింటాయనను గుమ్మంలోంచే వెనక్కి పంపింది.

పెళ్ళివారు మళ్ళీ వచ్చేముందు కినాసి పౌడరు డబ్బాతో తల్లి వెంట పడింది. మాస్కు పట్టీలు బుగ్గల మీద ఎర్రగా అచ్చు పడ్డాయి.

"కొంచెం పూసుకో అమ్మా. నా కోసం!"

"నీ కోసమే పూసుకోను. రేపు నువ్వు ఆ ఇంట్లో గురక పెడితే నువ్వూ దాచుకోవాలా?"

కినాసి డబ్బా మూత పెట్టింది.

వియ్యంకుడు ఈసారి కుటుంబం కథ మొదటినుంచీ చెప్పాడు. వుర్యాని చివరిదాకా విన్నది. నిజం చెప్పాలంటే అందులో పెద్దగా ఏమీ లేదు. టీ అందుకుంటూ పెళ్ళికొడుకు తల్లి ఆమె ముఖంలోకి చూసింది.

"ఆ చారలేమిటి వదినగారూ? ముఖం మీద కూడా గీయించుకుంటున్నారా?"

ఆడవాళ్ళు నవ్వారు. ప్రసోజో తల దించుకున్నాడు. వుర్యాని జవాబు చెప్పేలోగా మూలనుంచి సుకినెమ్ గొంతు వినిపించింది.

"నా కోడలు ఇప్పుడు రాత్రుళ్ళు కంటినిండా నిద్రపోతోంది. ఆ గుర్తులవి." ఆమె గోడ పట్టుకుని లేచింది. "నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఆమెది. మిషను పెట్టుకుంటుంది. ఇన్నాళ్ళూ మేమంతా బద్ధకమన్నాం. అందరికంటే ఎక్కువ నేనే అన్నాను. మా ఆయనకూ అదే జబ్బు. ఆయన గుండె ఆగుతుంటే నేను వీపు గీశాను. ఇది నచ్చక సంబంధం వద్దంటే ఇప్పుడే చెప్పండి. అంతేగానీ, నవ్వితే మాత్రం ఊరుకోను!"

ఎవరూ నవ్వలేదు. పెళ్ళికొడుకు తల్లి టీ గ్లాసు కింద పెట్టింది. భర్తవైపు ఒకసారి చూసి, వుర్యాని దగ్గరికి జరిగింది.

"ఈయనా అంతే వదినా... మధ్యలో ఊపిరి ఆగుతుంది. మళ్ళీ వస్తుందా లేదా అని వింటూ పడుకుంటాను. ఆ ఆస్పత్రి ఎక్కడ?"

పెళ్ళి తేదీ ఆ పూటే పెట్టుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక, ఎండ ఇంకా వాకిట్లో ఉండగానే, వుర్యాని కాసేపు నడుం వాల్చడానికి మంచమెక్కింది. పగటిపూట ఆ ఇంట్లో ఆమె పడుకోవడం, ఎవరూ ఏమీ అనకపోవడం కొత్త. మాస్కు తగిలించుకుంటుంటే సుకినెమ్ వచ్చి మంచం అంచున కూర్చుంది. బుగ్గల మీది చారలను బొటనవేలితో మెల్లగా నిమిరింది. తర్వాత మిషను మీటను వెతికి, దాని మీద వేలు ఉంచింది.

"గాలి వదలనా నోక్?"

"వదలండి ఇబూ."