లిఫ్ట్ అబ్బాయి, పశువుల డాక్టరమ్మ

మధ్యలో ఆగిపోయిన లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే పశువుల డాక్టరమ్మ చంకలో పిల్లితో సహా మెకానిక్ మీద విరుచుకుపడింది.

"ఇంతసేపా? ఊపిరాడక చచ్చేదాన్ని!"

"చచ్చేవాళ్లు అంత గట్టిగా అరవరండీ," అన్నాడతను, పానా పెట్టెలో పడేస్తూ.

కోపంగా చూద్దామనుకుంది. నవ్వొచ్చేసింది.

ఆ తర్వాత బాగున్న లిఫ్ట్‌ని కూడా చూసిపోవడానికి అతను తరచూ వచ్చేవాడు. ఆమె తన క్లినిక్‌లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది. "మీరు" కాస్తా "నువ్వు" అయింది. మనసులో మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు.

ఒక వాన సాయంత్రం అతను కాఫీ ముట్టుకోలేదు.

"నీకొక్కదానికే చెప్తున్నా, నవ్వొద్దు. కింద... ఒకవైపు గడ్డలా తగులుతోంది. గోళీలా గట్టిగా. నొప్పేం లేదులే."

ఆమె నవ్వలేదు. "నొప్పి లేదని ఎవరైనా ఊరుకుంటారా? వెంటనే డాక్టర్‌కి చూపించాలి."

"నువ్వూ డాక్టరేగా..." అనేసి నాలుక్కరుచుకున్నాడు.

"నేను చూసేది నాలుగు కాళ్లవాళ్లని. నీకు రెండే ఉన్నాయి. పద!"

స్కాన్, రక్తపరీక్షలు అయ్యాక సర్జన్ తిన్నగా చెప్పాడు.

"వృషణానికి కేన్సర్. కానీ త్వరగా వచ్చావు. గజ్జ దగ్గర కోసి ఆ ఒక్కటీ తీసేస్తాం. దాదాపు అందరికీ నయమయ్యే రకం ఇది. రెండోది బాగుంది, పిల్లలకు ఇబ్బంది ఉండకపోవచ్చు. అయినా ముందుజాగ్రత్తగా వీర్యం భద్రపరుద్దాం."

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాక మాత్రం అతను ఆమె ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆమె ఊరుకుంటుందా? నేరుగా అతనింటికే వచ్చింది. తలుపు తీసిన అతని తల్లిని పలకరించి, అతని మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఫోన్‌కేమైంది?"

"నన్నొదిలెయ్. నీకు నిండు మనిషి దొరుకుతాడు. నేను..."

"నోర్ముయ్! నేను ప్రేమించింది నిన్ను. ఏవి ఎన్నున్నాయో లెక్క చూసుకుని కాదు!"

"ఏమన్నావ్? ప్రేమించావా?"

"విన్నావుగా. మళ్లీ చెప్పను."

"అయితే నేను చెప్తా. బాగున్న లిఫ్ట్‌కి అన్నిసార్లు నూనె రాసింది ఎందుకనుకున్నావ్?"

నవ్వితే కుట్లు లాగాయి. అయినా నవ్వాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయి, ఎవరో ముక్కు చీదిన శబ్దం వినబడింది.

కేన్సర్ ఎక్కడికీ పాకలేదని రిపోర్టొచ్చింది. కీమో అక్కర్లేదు, కొన్నేళ్లు మానకుండా పరీక్షలకు వస్తే చాలన్నాడు సర్జన్. మొదటిసారి వెళ్లిన రోజు నర్సు ఆమెను గుమ్మం దగ్గరే ఆపింది.

"బంధువులే లోపలికి రావాలి. మీరేమవుతారు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనకనుంచి అతని తల్లి విసవిసా ముందుకొచ్చింది.

"మా కోడలమ్మా! పెళ్లొక్కటే బాకీ."