నూకాలమ్మ మీద ఒట్టు

గ్లోబు రెండు ముక్కలై బల్ల కింద పడి ఉంది. అన్నాల బెల్లు తర్వాత క్లాసుకి వచ్చిన దుర్గాలక్ష్మి టీచర్ తల పట్టుకుంది.

"కొత్తది కొని వారం కాలేదర్రా. ఎవరి నిర్వాకం ఇది?"

అన్నాల వేళ క్లాసులోకి ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్ళింది సుజి, పైడిబాబు మాత్రమే.

సుజి తడుముకోలేదు. "నూకాలమ్మ తల్లి మీద ఒట్టు టీచర్, నేను కాదు."

ఎంత తెలివో చూడండి. గ్లోబుని బొంగరంలా తిప్పి పడేసింది తనే. కానీ తను చర్చికి వెళ్ళే పిల్ల. నూకాలమ్మ తన దేవత కాదు కనక ఆ ఒట్టు తనకి అంటదనుకుంది.

"నువ్వూ వెయ్యరా ఒట్టు," అంది టీచర్ పైడిబాబుతో.

"నేను కాదు టీచర్. ఒట్టు మాత్రం ఎయ్యను. మా ఇంట్లో ఎవరూ ఎయ్యరు. మా అమ్మ సేపలమ్మేటప్పుడు కూడా మొప్పలెత్తి సూసుకోమంటాది గానీ ఒట్టెయ్యదు."

టీచర్‌కి ఒళ్ళు మండింది. "అయితే నువ్వేలే. రేపు ఎలమంచిలి క్విజ్‌కి నువ్వు రావక్కర్లేదు. సుజి వస్తుంది."

ఆ క్విజ్ కోసం నెలనుంచీ చదువుతున్నాడు పైడిబాబు. సాయంత్రం కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పోయాడు.

ఇంటికెళ్ళాక సుజికి అన్నం సయించలేదు. వాళ్ళమ్మ లూర్దు మేరీ గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పేసింది.

"మన దేవుడి మీద ఎయ్యలేదు కదమ్మా."

లూర్దు మేరీ గరిటె కింద పెట్టేసింది. "ఊరంతా నమ్మే తల్లి నీకంత లోకువైపోయిందేటే?"

"ఆదివారం ఫాదర్ గారి దగ్గర ఒప్పేసుకుంటాలే."

"ఒప్పుకో. ఈలోగా క్విజ్ అయిపోద్ది. ఏడుత్తన్నది ఫాదర్ గారేటే? దేవుడు సెమించేత్తాడు సరే, ఆ పిల్లాడి మాటేటి? నీతో యేగలేక సత్తన్నాను."



మర్నాడు పొద్దున్న స్కూలు ముందు ఆటో ఆగి ఉంది. టీచర్ రెండుసార్లు పిలిచినా సుజి ఎక్కలేదు.

"టీచర్, గ్లోబు నేనే పగలగొట్టేను. పైడిబాబు కాదు. నూకాలమ్మ మా దేవత కాదు కదా అని ఒట్టేసేసేను."

"ఏమే, ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని నమ్మకమేంటి? ఎవరి మీద ఒట్టేస్తావు?"

"ఎయ్యను టీచర్. మీరు నమ్మకపోయినా నేనే."

టీచర్ నుదురు కొట్టుకుంది. "మీ ఒట్లతో నా బుర్ర పాడైపోయింది. ఒట్టెయ్యలేదని వాణ్ణి దోషిని చేసేశాను కదే."

అప్పుడే గేటు దాటి వస్తున్న పైడిబాబు దగ్గరికి సుజి పరుగెత్తింది. "తప్పు నాదని టీచర్‌కి సెప్పేసేను. నువ్వే ఎల్లు. బ్యాగు నేను క్లాసులో పెడతాను."

పైడిబాబు కోపంగా చూశాడు. బ్యాగు ఆమె చేతుల్లోకి విసిరేసి ఆటో ఎక్కాడు.

రెండు బ్యాగులూ మోసుకుంటూ సుజి క్లాసుకి నడిచింది.