తీగలో ఊ

ముందుగా ఒక మాట చెప్పాలి. నాకు అక్షరాలు యాభై ఏడో ఏట వచ్చాయి. ఎక్కడైనా వొత్తు జారిపోయినా, దీర్ఘం ఎక్కువైనా మీరే సర్దుకుని చదవండి. రోజుకి పావు పేజీ కంటే ఎక్కువ రాయలేను కాబట్టి ఈ కథకి చాలా రోజులే పట్టింది. ఇందులో నేనూ ఉన్నాను, కానీ మూల బల్ల దగ్గర కవర్లు అంటిస్తూ ఉంటాను, అంతే. కథ నాది కాదు కనక నన్ను కూడా 'అత్త' అనే రాస్తాను. ఆ అమ్మాయి నన్ను అలాగే పిలిచేది.

ఆ అమ్మాయి చేత్తో కార్డులు చేసేది. దుకాణం రెండే గదులు. వెనక గదిలో వాళ్ల నాన్న పుస్తకాలు బైండు చేసేవాడు. ముందు గదిలో అమ్మాయి బల్ల, బల్ల మీద ఇంకు ప్యాడ్లు, గోడకి పూల కాగితాలు, ఒక మూల అత్త, అత్త జిగురు గిన్నె. అమ్మాయి కార్డు చేస్తుంటే చూడాలి. ముద్రని ఇంకులో అద్ది, ఊపిరి బిగబట్టి, కాగితం మీద నొక్కి, ఎత్తేదాకా ఊపిరి వదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి చేతిలో కార్డుల కట్టా, అంతకుముందు అక్కడే చెక్కించిన ముద్రా పట్టుకుని, మూడు వీధుల అవతల రబ్బరు ముద్రలు చెక్కే దుకాణానికి వెళ్లింది. అక్కడ ఒక యువకుడు తల వంచుకుని చెక్కుతున్నాడు.

"ఇది చదవండి," అంది ఒక కార్డు ముందు పెట్టి.

"శుభాకాంక్షలు," అన్నాడు అతను తల సగం ఎత్తి.

"సరిగ్గా చదవండి."

"శుభాకాంక్షలేనండీ."

"సున్నా ఎక్కడుంది?"

అతను కార్డు చూశాడు. ముద్ర తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"శుభాకాక్షలట," అంది అమ్మాయి. "కాకి దీవించినట్టుంది. నలభై కార్డులు. బంగారు రంగు ఇంకు. సాయంత్రం పెళ్లివాళ్లు వస్తారు."

"సున్నాయే కదండీ. పెన్నుతో పెట్టేస్తే సరిపోతుంది."

"సరే, పెట్టండి," అని అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుంది.

అతను నలభై సున్నాలూ పెట్టాడు. ఆమె ఒక్కొక్కటే ఆరబెడుతూ తప్పులు పట్టింది.

"ఈ ముప్పై ఏడోది కోడిగుడ్డులా ఉంది."

"అప్పటికి ఆకలేస్తోందండీ."

నవ్వకూడదని అమ్మాయి చాలా ప్రయత్నం చేసింది. వీధి మలుపు దాకా ఆపుకోగలిగింది.

ఆ రోజు నుంచి అతని పేరు సున్నాగారు. వారం తిరక్కుండా సున్నాగారు కొత్త ముద్ర పట్టుకుని వచ్చాడు, ఈసారి సున్నాతో. తరవాత వారం ప్యాడులో ఇంకు సరిగ్గా పడుతోందో లేదో చూసిపోదామని వచ్చాడు. ఆ తరవాత సాకులు అయిపోయాయి. ఊరికే వచ్చాడు.

అమ్మాయి పని చేసుకుంటూ ఉంటే అతను ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పేవాడు. "పదేళ్లుగా తిరగేసి చెక్కిన అక్షరాలే చదువుతున్నానండీ. ఇప్పుడు ఎటు తిప్పిపెట్టినా ఒకేలా కనిపిస్తాయి. ఏది సూటిదో ఏది తిరగబడిందో ఆగి చూస్తే తప్ప తెలీదు," అనేవాడు. అమ్మాయిది సరిగ్గా దానికి వ్యతిరేకం. రబ్బరు మీద ఏముందో ఆమె ఎన్నడూ చదవలేదు. కాగితం మీద పడిందే చూసేది.

అతను ఎంత చెప్పినా ఆమె నోట ఒకటే మాట. "ఊ."

"నిన్న మా వీధిలో ఏనుగు సైకిలు తొక్కింది," అన్నాడు ఒకరోజు.

"ఊ," అంది అమ్మాయి, పువ్వు బొమ్మకి ఎర్ర ఇంకు అద్దుతూ.

"వెనక సీటు మీద మీ నాన్నగారు కూర్చున్నారు."

"ఊ."

"నేనెప్పుడు కూర్చున్నానయ్యా?" అని వెనక గదిలోంచి నాన్న గొంతు వినిపించింది.

అత్త చేతిలో జిగురు గిన్నె ఒలికినంత పనయింది. అమ్మాయి ముఖం ఆమె అద్దుతున్న ఇంకు కంటే ఎర్రగా మారింది.

"ఇక మీకు జన్మలో ఊ అనను," అంది.

"అనరా?"

"అనను."

మాట మీద నిలబడింది కూడా. 'సరే' అనేది, 'అలాగే' అనేది, 'చూద్దాం' అనేది. ఊ మాత్రం అనలేదు. అతను ఎన్ని ఉచ్చులు పన్నాడో. "ఉడతలో మొదటి అక్షరం ఉ, అచ్చుల్లో దాని తరవాతది?" అని కూడా అడిగాడు. "అత్తని అడగండి, ఆవిడ నేర్చుకుంటోంది," అంది.

నిజమే. మధ్యాహ్నం పని తగ్గాక అమ్మాయి అత్తకి అక్షరాలు నేర్పేది. మూడు నాలుగు వారాలకి ఒకటి. అచ్చులు వేస్తూనే అచ్చులు నేర్పేదన్నమాట. అప్పటికి అత్త 'ఈ' దగ్గర ఉంది.

వానలు మొదలైన రోజుల్లో అతను తడుస్తూ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాకు ఉద్యోగం వచ్చింది. వేరే ఊళ్లో, లేబుళ్లు అచ్చువేసే ఫ్యాక్టరీ. వచ్చే నెల చేరాలి."

అమ్మాయి చేతిలో ముద్ర అలాగే గాలిలో ఆగింది. "మంచి ఉద్యోగమేనా?"

"మంచిదే."

"అయితే మంచిదే."

వెళ్లొద్దు అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అతను ఏమీ అడక్కుండా తను ఏ వరసన ఆపుతుంది? అతను జేబులోంచి చిన్న పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"మీకోసం చెక్కాను. పనికొస్తుందేమో చూడండి," అని మళ్లీ వానలోకి వెళ్లిపోయాడు.

పొట్లంలో పొడుగాటి ముద్ర ఉంది. కొత్తది, ఇంకా ఇంకు తగలనిది. అమ్మాయి దాన్ని ఆకుపచ్చ ఇంకులో అద్ది కాగితం మీద నొక్కింది. మెలికలు తిరిగిన తీగ పడింది. అక్కడక్కడా వంకీలు, రెండు గుండ్రటి మొగ్గలు.

"ఎంత బాగుందో చూడత్తా," అంది. ఆ గొంతులో సంతోషం ఉంది, ఏదో అందనట్టు వెలితీ ఉంది.

ఆ తీగని ఆమె కార్డుల అంచుల నిండా వేసింది. కవర్ల మీద వేసింది. పుట్టినరోజు కార్డుకీ, పెళ్లి కార్డుకీ, త్వరగా కోలుకోమని చెప్పే కార్డుకీ అదే తీగ. పది రోజుల్లో దుకాణం అద్దాల కిటికీ మొత్తం ఆ తీగే అల్లుకుంది.

పదకొండో రోజు అతను వచ్చాడు. కిటికీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురు లేదు.

"అన్నిటి మీదా వేశారే," అన్నాడు.

"అందరికీ నచ్చింది. నిన్న ఒకాయన అదే కావాలని వెతుక్కుంటూ వచ్చాడు."

"అందరికీ చూపించారా?"

"చూపించకుండా ఎలా ఇస్తాం?" అని నవ్వింది అమ్మాయి. "అన్నట్టు, అప్పుడే అరిగిపోయేలా ఉంది. ఇలాంటిదే ఇంకొకటి చెక్కిపెట్టరాదూ, వెళ్లేలోగా?"

అతను ఆమెని అదోలా చూశాడు. "అదేనా మీ జవాబు?"

"దేనికి?"

"సరేలెండి. సోమవారం బండికి వెళ్తున్నాను."

"ఒక్క నిమిషం కూర్చోరా?"

"మీకు పని ఉందిగా," అన్నాడు, ఎంతో మర్యాదగా. అంత మర్యాద ఆమె అతని దగ్గర ఎన్నడూ ఎరగదు. అది గుచ్చుకుంది.

సోమవారం వచ్చింది, పోయింది. ఆ తరవాత సోమవారాలు కూడా.

అమ్మాయి మునుపటిలాగే పని చేసుకుంది. కానీ ఎదుటి స్టూలు మీద కాగితాల కట్టలు పెట్టడం మానేసింది. ఎవరైనా కూర్చోబోతే, "అది కాదు, ఇటు కూర్చోండి," అనేది. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చేతిలో ముద్ర కాస్త పక్కకి జరిగేది. ఆ నెలలో ఎన్ని కార్డులు వంకరపోయాయో అత్తకి తెలుసు. ఆ కాగితాలన్నీ జిగురు తుడుచుకోవడానికి ఆవిడకే వచ్చేవి.

ఊరికి సంబంధించిన కబుర్లు, వాన కబుర్లు, ఏనుగు సైకిలు కబుర్లు, ఏవీ లేవు. ఊ అనిపించాలని చూసేవాళ్లు ఎవరూ లేరు. పనిలో ఉన్నప్పుడు అలవాటుగా నోటిదాకా వచ్చే ఆ ఒక్క అక్షరాన్ని అమ్మాయి మింగేసి, తీగ ముద్ర తీసి, ఇంకులో అద్ది, ఊపిరి బిగబట్టి నొక్కేది. అతని చేతి పని అదొక్కటే మిగిలింది. రోజుకి వంద సార్లు నొక్కేది.

"ఏమ్మా, ఆ సున్నా అబ్బాయి కబురేమైనా..." అని నాన్న ఒకసారి అడగబోయాడు.

"నాకేం తెలుసు నాన్నా?" అంది. ఆయన మళ్లీ కాగితాలు కోసే మిషను దగ్గరికి వెళ్లిపోయాడు. చాలాసేపు కోసిన చప్పుడు మాత్రం రాలేదు.

ఒక మధ్యాహ్నం వాన పట్టి, వెలుతురు తగ్గింది. కవర్లకి మడత గీతలు లోపలి వైపు గీయాలి. అత్త అచ్చు వేసిన కాగితాన్ని బోర్లించి, కిటికీ అద్దానికి ఆనించి, పెన్సిలు తీసింది. పల్చటి కాగితం కావడంతో అవతలి వైపు తీగ ఇటు కనిపిస్తోంది. రోజూ కనిపించేదే. కానీ ఆ వారమే అత్త 'ఊ' నేర్చుకుంది.

"అమ్మాయీ," అంది, "తీగలో ఊ ఉంది."

"తీగలో ఊ ఏమిటత్తా?"

"పలక మీద నువ్వు పెట్టిచ్చినట్టే ఉంది. పక్కన అ ఉంది, దాని పక్కది మొగ్గ కాదు, సున్నా. అ మొన్ననే కనిపించింది గానీ, ఒక్క అక్షరం కనబడితే ఏముందిలే, తీగ కదా అనుకున్నాను. ఇదిగో, ఉ కూడా ఉంది. మిగతావి నాకు రావు."

అమ్మాయి లేచి వచ్చింది. కిటికీ అద్దం మీద, వెనక వాన నీళ్లు జారుతుండగా, ఆకుపచ్చ అక్షరాలు వరసగా నిలబడి ఉన్నాయి.

ఊ అంటే ఉంటాను.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి, ముద్ర తిప్పి, మొదటిసారి రబ్బరు కేసి చూసింది. అక్కడ అక్షరాలు సూటిగా ఉన్నాయి. అన్నీ తిరగేసి చెక్కే మనిషి ఈ ఒక్కటి మాత్రం ఉత్తరం రాసినట్టు సూటిగా చెక్కాడు. కాగితం మీద నొక్కి చూసుకోవడం మరిచిపోయాడు. తరవాత కిటికీలో తిరగబడ్డ తీగని చూసి కూడా, అలవాటైన కళ్లు కాబట్టి, అక్షరాలుగానే చదువుకున్నాడు.

"అత్తా," అంది అమ్మాయి, స్టూలు మీద కూలబడి, "ఆయన నన్ను అడిగాడు. నేనేమో దాన్ని ఊరంతా పంచిపెట్టి, ఇంకొకటి చెక్కిపెట్టమన్నాను."

ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. రెండూ అనుకుంటాను.

అత్త పెన్సిలు కింద పెట్టింది. "మా ఆయన పనిమీద దూరం వెళ్లినప్పుడు నాకు ఉత్తరాలు రాసేవాడు. పక్కింటివాళ్లు చదివి వినిపించేవాళ్లు. వాళ్ల ముందు సిగ్గుపడి ఏ ఒక్కదానికీ సరైన జవాబు చెప్పించలేదు. తరవాత చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు. నీకు చదవడమొచ్చు, రాయడమూ వచ్చు. కూర్చుని ఏడుస్తావేం?"

ఫోను చేస్తే సరిపోయేది కదా అని మీరనొచ్చు. చెక్కి ఇచ్చిన మాటకి ఫోనులో జవాబు చెప్పడం ఆమెకి నచ్చలేదు. ఒక రబ్బరు ముక్క, నాన్న సన్నకత్తి తీసుకుని చెక్కడానికి కూర్చుంది. జన్మలో చెక్కలేదు. రెండు ముక్కలు పాడయ్యాయి, వేలు తెగింది. మూడో దాని మీద కుదిరింది. మంచి తెల్ల కార్డు తీసి, ఎర్ర ఇంకు అద్ది, నడిమధ్య నొక్కింది.

ఒకే ఒక్క అక్షరం. అదీ తిరగబడింది.

"అయ్యో, నేనూ సూటిగానే చెక్కాను," అంది. "మళ్లీ చెయ్యాలి."

"ఎందుకమ్మా?" అన్నాడు నాన్న. ఎప్పుడొచ్చాడో, వెనకే నిలబడి ఉన్నాడు. "ఆ అబ్బాయికి ఎటు ఉన్నా ఒకటే కదా."

అమ్మాయి తల తిప్పలేదు. "నాన్నా, మీకు..."

"ఆ ఏనుగు సైకిలు మీద నన్ను ఊరికే ఎక్కించాడనుకున్నావా? నాకు అప్పుడే అర్థమైంది. ముద్రల దుకాణం పెద్దాయన దగ్గర అడ్రసు ఉంటుంది. వాన తగ్గాక వెళ్లి తెస్తాను." గొడుగు తీసుకుని, వాన తగ్గకుండానే వెళ్లాడు.

కార్డు వెళ్లింది. మూడు రోజులు గడిచాయి. నాలుగు, అయిదు. అమ్మాయి ఒక్క కార్డు కూడా సూటిగా వెయ్యలేదు. ఆరో రోజు అత్త ఆమె చేతిలోంచి ముద్ర లాక్కుని, "నువ్వు జిగురు రాయి," అంది.

ఏడో రోజు పొద్దున గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. అమ్మాయి తలెత్తలేదు. అన్ని చప్పుళ్లకీ తలెత్తి తలెత్తి విసిగిపోయింది.

"ఇలాంటిదే ఇంకొకటి చెక్కిపెట్టమన్నారు," అంది ఒక గొంతు. "తెచ్చాను."

అతని చొక్కా నలిగిపోయి ఉంది. జేబులోంచి తెల్ల కార్డు సగం బయటికి కనిపిస్తోంది. ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఖాళీ స్టూలు మీద కూర్చున్నాడు. కొత్త ముద్రని తనే ఇంకులో అద్ది, కాగితం మీద నొక్కి, ఆమె వైపు జరిపాడు. ఈసారి అక్షరాలు సూటిగా పడ్డాయి.

"ఇప్పుడు తీగలా ఉందా?"

"లేదు," అంది అమ్మాయి. "సున్నాలు కూడా సరిపోయాయి."

"కార్డు అందింది. కానీ ఆ అక్షరం తిరగబడి ఉంది. తిరగబడ్డ ఊ అంటే అవునా కాదా అని బండిలో రాత్రంతా ఆలోచించాను."

"ఉద్యోగం?"

"ముద్రల దుకాణం పెద్దాయన రేపట్నుంచి రమ్మన్నాడు. ఆ సంగతి వదిలెయ్. నువ్వు నోటితో చెప్పు."

నువ్వు అన్నాడు. వెనక గదిలో కాగితాలు కోసే మిషను ఆగింది. అత్త జిగురు రాయడం ఆపింది.

అమ్మాయి జిగురు అంటిన వేళ్లు తుడుచుకుంది. అతని కళ్లలోకి చూసింది. ఇన్నాళ్లూ మింగేసిన అక్షరాన్ని చాలా నెమ్మదిగా బయటికి వదిలింది.

"ఊ."

కవర్ల అత్త. అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది ఆ దుకాణం మేడ మీది గదిలో, వీధి వైపు కిటికీ పక్కన. మా ఆయన ఉత్తరాల్లో పదమూడు చదివాను. ఇంకా తొమ్మిది ఉన్నాయి.