కృష్ణవేణి పడలేదు

పాండురంగారావు మాస్టారు చెయ్యి వేశాడంటే ఎవరైనా పడాల్సిందే. ఏలూరులో జూడో నేర్చుకున్న ప్రతివాడికీ తెలిసిన సంగతే అది. అరవై దాటినా సరే, ఆయన భుజం మీదుగా విసిరితే కుర్రాళ్లు గాల్లో తిరిగి మ్యాట్ మీద దబ్బున పడతారు. లేచి, “అబ్బ, ఏం త్రో అండీ మాస్టారూ!” అంటూ నడుం రుద్దుకుంటారు.

అందుకే ఆ ఆదివారం పొద్దున్న, పెద్దవాళ్ల కోసం కొత్తగా పెట్టిన క్లాసులో, ఒక నెరిసిన జుట్టావిడ పడకుండా నిలబడిపోయేసరికి అందరూ మెడలు సాచి చూశారు.

అంతకుముందు వరకూ మాస్టారు మంచి ఊపు మీదున్నాడు. “వయసంటారా? అదంతా మన భ్రమండీ. నన్ను చూడండి!” అని శిష్యుడు వీరేంద్రని వరసగా ఎత్తి పడేశాడు. వీరేంద్ర బ్యాంకులో క్యాషియరు. పడటంలో వాణ్ణి మించినవాడు జిల్లాలో లేడు. చప్పట్లు మోగాయి.

“మీలో ఎవరైనా వస్తారా? మెత్తగా పడేస్తాను, భయం లేదు” అన్నాడు మాస్టారు.

ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టి మ్యాట్ మీదకొచ్చింది. వంగి నమస్కారం చేసి, ఎడమచెయ్యి చాచి ఆయన కాలర్ పట్టుకుంది.

ఎడమచెయ్యి! మొహం గుర్తుపట్టలేదు గానీ ఆ పట్టు గుర్తుపట్టాడు రంగారావు. ఇరవై ఏళ్ల కుర్రాడి గుండె ఒకటి ఎక్కడినుంచో వచ్చి ఆయన ఛాతీలో దడదడలాడింది. కృష్ణవేణి. ఆ రోజుల్లో తనతో జూడో నేర్చుకున్న అమ్మాయి. అదే చూపు, తప్పుచేసిన పిల్లాణ్ణి చూస్తున్నట్టు.

ఇంకేముంది, రెట్టించిన ఉత్సాహంతో తిరిగి, నడుం దించి, బలమంతా పెట్టి లాగాడు.

కృష్ణవేణి పడలేదు. ఇంకోసారి లాగాడు. కదల్లేదు.

“ఇప్పుడు నేను పడాలాండీ?” అని చెవి దగ్గర మెల్లగా అడిగింది.

వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

క్లాసయ్యాక కాలవ గట్టున టీకొట్టు దగ్గర ఇద్దరే మిగిలారు. ఆకాశం నల్లగా ముంచుకొస్తోంది.

“లావయ్యారు” అన్నాడు రంగారావు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“మీరు తగ్గారు. జుట్టు” అంది కృష్ణవేణి.

ఇద్దరూ నవ్వుకున్నారు. అత్తిలి హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యిందట. పెళ్లి చేసుకోలేదట. ఉంగుటూరులో ఉంటూ పెద్దవాళ్లకి క్లాసు చెబుతోందట. తన భార్య పోయి చాలా కాలమైందని ఆయనా చెప్పాడు. వాన చినుకులు ఒకటీ అరా గ్లాసులో పడుతున్నా ఎవరూ పక్కకి జరగలేదు. మాటలు అక్కడే ఆగి, ఆ టీ అలా చల్లారిపోతే ఎంత బాగుండేదో.

“ఒక్క మాట చెప్పనా, ఏమీ అనుకోరు కదా?” అంది. “మీ కుడి మోకాలు వంగట్లేదండీ. పైగా మీ శిష్యులు మీకోసం ఎగురుతున్నారు. ఆ వీరేంద్ర, మీరు లాగకముందే గాల్లో ఉన్నాడు. గౌరవం కొద్దీ అబద్ధం ఆడుతున్నారు. ఒకసారి డాక్టరుకి చూపించుకుని, ఈ విసరడాలు తగ్గించి, నెమ్మదిగా...”

“అంటే నేను ముసలాణ్ణయిపోయాననా?”

“అరవై ఏళ్ల మనిషి అరవై ఏళ్లవాడిలా ఆడితే ఎనభైదాకా ఆడొచ్చంటున్నాను.”

రంగారావుకి ఒళ్లు మండింది. పదిమంది ముందు పోయిన పరువు ఇంకా చురుక్కుమంటూనే ఉంది. నోరు జారాడు.

“నేషనల్స్‌కి వెళ్లి మొదటి నిమిషంలోనే ఓడిపోయొచ్చిన మీరా నాకు చెప్పేది?”

కృష్ణవేణి చెయ్యి తెలియకుండానే ఎడమ భుజం ఎముక మీదకి వెళ్లింది. గ్లాసు బల్ల మీద పెట్టి, “వస్తానండీ” అని వానలోకి నడిచింది. గొడుగు సంచిలో ఉందన్న సంగతి కూడా మర్చిపోయినట్టుంది.

పిలుద్దామనుకున్నాడు. పిలవలేదు. ఆ మాట అనే హక్కు ప్రపంచంలో ఎవరికైనా ఉందేమో గానీ తనకి మాత్రం లేదు. అది ఆయనకి తెలుసు. ఎందుకు లేదో ఆయనకొక్కడికే తెలుసనుకున్నాడు.

తప్పు చేశానని తెలిస్తే కొందరు సరిదిద్దుకుంటారు. రంగారావు లాంటివాళ్లు ఇంకా మొండికేస్తారు. ఆ నెలలోనే తాడేపల్లిగూడెంలో స్పోర్ట్స్ మీట్ అయితే, తన శిష్యుల్ని పక్కన పెట్టి తణుకు కోచ్ బుల్లిరాజుని మ్యాట్ మీదకి పిలిచాడు. ఆవిడ మాట తప్పని తేల్చాలి. అంతే.

పాపం బుల్లిరాజుకి మాస్టారి సంగతులేవీ తెలియవు. ఆటలో ఎలా నిలబడాలో అలా నిలబడ్డాడు. మాస్టారు ఒంగి, తిరిగి, లాగాడు. మోకాల్లో ఏదో కటుక్కుమంది. పడింది ఒక్క మనిషే.

“ఆపరేషన్ అక్కర్లేదండీ” అన్నాడు డాక్టరు. “కానీ ఈ విసరడాలు ఇంక మానెయ్యాలి. ఆట మొత్తం మానక్కర్లేదు. తెలిసినవాళ్ల దగ్గర, ఈ వయసుకి తగ్గట్టు చేసుకోండి.”

ఇంట్లో మంచం మీద పడుకుని, పళ్లు తెచ్చిన వీరేంద్రని అడిగాడు. “ఒరేయ్, నిజం చెప్పు. నువ్వు ఎగిరేవాడివా?”

వీరేంద్ర చాలాసేపు బత్తాయి వలిచాడు. “మీరంటే ఇష్టమండీ మాస్టారూ. మీరు బాధపడకూడదని...”

తిట్టడానికి నోరు రాలేదు. ఎలా వస్తుంది? ఆ విద్యలో మొదటివాడు తనే కదా.

గోనెసంచుల్లో వరిపొట్టు నింపి, పైన టార్పాలిన్ కట్టి మ్యాట్ అనుకునే రోజులవి. సెలక్షన్ క్యాంపులో కృష్ణవేణికి తనే ప్రాక్టీసు జోడీ. ఆ అమ్మాయి ఎడమచేత్తో పట్టి లాగితే చాలు, రంగారావు గాల్లోకి లేచేవాడు. పడ్డప్పుడల్లా ఆమె మొహంలో వెలిగే ఆ నవ్వు కోసం రోజంతా పడేవాడు. క్యాంపు ఆఖరి రోజు అందరూ కొల్లేట్లో పడవ షికారుకి వెళ్లారు. ఆ రోజు మనసులో మాట చెప్పేద్దామనుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుని, ఎండ ఎక్కువగా ఉందని చెప్పి వచ్చేశాడు.

ఆ తర్వాత ఆమె నేషనల్స్‌కి వెళ్లింది. మొదటి నిమిషంలోనే భుజం ఎముక విరగ్గొట్టుకుని ఇంటికెళ్లిపోయింది. మళ్లీ క్యాంపుకి రాలేదు. మంచం మీద పడుకున్న రంగారావుకి మోకాలి నొప్పి మాత్రకి తగ్గింది గానీ, ఆ రాత్రంతా ఈ పాత నొప్పి తగ్గలేదు.

చేతికర్ర లేకుండా నాలుగడుగులు వెయ్యడం రాగానే ఉంగుటూరు బస్సెక్కాడు.

రైసుమిల్లు వెనక రేకుల షెడ్డులో కృష్ణవేణి క్లాసు నడుస్తోంది. అందరూ పెద్దవాళ్లే. ఎవరూ ఎవర్నీ విసరట్లేదు. నేలమీద కూర్చుని, గడ్డం గుండెకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లుతున్నారు, చేత్తో మ్యాట్‌ని చరుస్తున్నారు.

“తల నేలకి తగలకూడదు మాణిక్యంగారూ. ఊపిరి బిగబట్టకండి. బీపీ మాత్ర వేసుకున్నారా?”

“వేసుకున్నానమ్మా. మొన్న బాత్రూంలో కాలు జారితే ఇలాగే పడ్డాను. నడుం బతికిపోయింది!” అంది మాణిక్యం గర్వంగా.

కృష్ణవేణి గుమ్మంలో ఉన్న రంగారావుని చూసింది. “కుర్చీలో కూర్చోండి” అంది, నిన్న చూసినవాడితో అన్నట్టు. అందరూ వెళ్లాక రేకుల మీద వాన మొదలైంది.

“సారీ అండీ. ఆ రోజు టీకొట్టు దగ్గర అన్నమాటకి” అన్నాడు. “ఇంకోటి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో క్యాంపులో, నేను మీకోసం...”

“ఎగిరేవారు. తెలుసండీ.”

రంగారావు కుర్చీలో ముందుకి జరిగాడు. “ఎప్పుడు తెలిసింది?”

“గాల్లో ఉన్నప్పుడు” అంది కృష్ణవేణి. “నేషనల్స్‌లో నాకు ఎదురు నిలబడ్డ అమ్మాయిని నా శక్తంతా పెట్టి లాగాను. కదల్లేదు. తిరిగి నన్నే ఎత్తింది. అప్పుడర్థమైంది, ఇన్నాళ్లూ నా త్రో కాదు, మీరు ఎగిరారని.”

రంగారావుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలనిపించలేదు.

“అందుకేనా మళ్లీ రాలేదు?”

“పడినందుకు కోపం లేదండీ. పడి, చెప్పనందుకు. ఏదో ఒకటి చెప్పాల్సింది. ప్రేమించానని అయినా సరే, త్రో బాగోలేదని అయినా సరే. ఏది చెప్పినా నేను ఇంకోలా బతికేదాన్ని.”

రంగారావు అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

“నన్ను క్లాసులో చేర్చుకుంటారా?” అన్నాడు.

“డాక్టరు చీటీ తెచ్చారా?”

తెచ్చాడు. అలా ఏలూరు జూడో మాస్టారు ఉంగుటూరులో మాణిక్యంగారి పక్కన కూర్చుని పడటం నేర్చుకున్నాడు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. రోజు విడిచి రోజు వచ్చి, మధ్యలో మోకాలికి విశ్రాంతిచ్చాడు. నొప్పిని దాచిపెడితే కృష్ణవేణి ఊరుకునేది కాదు. “ఇక్కడ అబద్ధాలు చెల్లవండీ” అనేది.

కొన్నాళ్లకి ఒకే ఒక చిన్న త్రోకి ఒప్పుకుంది. ఎత్తడం లేదు, బలం అక్కర్లేదు. ఎదుటి మనిషి అడుగు వేస్తూ బరువు మోపబోయే క్షణంలో ఆ పాదాన్ని అరికాలితో పక్కకి తొయ్యాలి, అంతే. క్లాసయ్యాక మ్యాట్ మీద మ్యాట్ వేసుకుని ఇద్దరూ మెల్లగా నడిచేవారు. ఆయన ఆమె పాదాన్ని తోసేవాడు.

“లేదండీ” అనేది కృష్ణవేణి, నిలబడే.

మళ్లీ వచ్చినప్పుడూ “లేదండీ.” ఆ పై వారమూ “లేదండీ.” విసుగొచ్చేది ఆయనకి. అబద్ధం కాని ఆ ఒక్క మాట విని నిశ్చింతగా నిద్రపోయేవాడు కూడా.

కొల్లేటికి గూడబాతులు వచ్చే కాలం అది. షెడ్డు బయట చేపల లారీ ఒకటి నీళ్లు కార్చుకుంటూ వెళ్తోంది. రంగారావు ఏమీ ఆలోచించట్లేదు. ఆమె అడుగు వేసింది, ఆయన పాదం కదిలింది.

చరిచిన చప్పుడు షెడ్డంతా మోగింది. కృష్ణవేణి పడింది. గడ్డం గుండెకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, పాఠంలో చెప్పినట్టే పడింది.

రంగారావు కంగారుగా ఆమె పక్కన కూలబడ్డాడు. “దెబ్బ తగల్లేదు కదా? నిజంగానే పడ్డారా?”

“నాకు ఎగిరే అలవాటు లేదండీ” అంది, రేకుల కప్పు వంక చూస్తూ. ఆ పాత నవ్వు మొహమంతా పరుచుకుంది. “మోకాలు జాగ్రత్త, అలా మడత పెట్టకండి.”

ఆయన కాలు చాపుకున్నాడు.

“ఆ రోజుల్లో చెప్పాల్సిన రెండు మాటల్లో ఒకటి ఇప్పుడు చెప్పొచ్చాండీ?”

“ఏది? త్రో బాగోలేదనా?”

“కాదండీ, ఇంకోటి” అన్నాడు. ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది. “మరీ ఆలస్యమైపోయిందాండీ?”

లేదంటుందని ఎంతో ఆశపడ్డాడు. కానీ కృష్ణవేణి ఎవరి కోసమూ అబద్ధం చెప్పదు.

“చాలా ఆలస్యమైందండీ” అంది. కప్పు మీంచి చూపు తిప్పి, లేపమని ఎడమచెయ్యి చాచింది.

“అయినా చెప్పండి.”