దిద్దిన కాగితం

"ఇవాళ వీడు అక్కడ ఉన్నదున్నట్టు చదివేస్తే నేరుగా జైలుకే తీసుకుపోతారేమో," అంది తల్లి, పొయ్యి వెలిగిస్తూ. వినడానికి వంటింట్లో ఎవరూ లేరు. కొడుకు స్నానం చేస్తున్నాడు.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. భార్యను కొట్టిన కేసులో జడ్జిగారు అతన్ని ఆరు నెలలపాటు క్లాసులకు వెళ్ళమన్నారు. ప్రతి శనివారం అతనిలాంటి వాళ్ళే పదిమంది ఒకచోట కూర్చుంటారు. చెయ్యి చేసుకున్న రోజు గురించి ఒక పేజీ రాసి చదవాలి. భార్య ఏమందో కాదు, తానేం చేశాడో రాయాలి. కోడలు మాత్రం పాపను తీసుకుని అక్కగారింట్లో ఉంటోంది.

పోయిన వారం ఆ పేజీ తల్లికి బల్ల మీద కనబడింది. తనకున్న అయిదో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివింది. "కొట్టాను" అన్నచోటల్లా గీత పెట్టి, పైన "చెయ్యి తగిలింది" అని రాసింది. కొడుకు చూసుకోకుండా పట్టుకెళ్ళి, అందరిముందూ చదువుతూ ఆగిపోయాడట. క్లాసు చెప్పే ఆవిడ కోప్పడలేదు. దిద్దినవాళ్ళకే ముందు చదివి వినిపించి రమ్మంది.

అతను తల తుడుచుకుంటూ వచ్చి స్టూలు లాక్కున్నాడు.

"పొయ్యి కట్టేసి కాసేపు కూర్చో, అమ్మా."

"నీకు ఆలస్యమవుతుంది కదరా."

"అవనీ."

చదివాడు. ఆ రోజు భార్య జుట్టు పట్టుకున్నాడు. గోడకేసి తోశాడు. కింద పడ్డాక కూడా రెండుసార్లు కొట్టాడు. పాప మంచం కిందికి దూరింది. తల్లి మధ్యలోనే అందుకుంది. పొద్దస్తమానం చాకిరీ చేసి వచ్చినవాణ్ణి మాటకు మాట అంటే ఎవరికైనా ఒళ్ళు మండదా అంది.

"మా సూపర్‌వైజరు రోజూ తిడతాడు. ఆయన మీదికి ఒక్కనాడూ చెయ్యెత్తలేదు నేను."

నీ మంచికే దిద్దాను, పాప తండ్రి జైలుపాలైతే దాని గతేం కావాలి అని కళ్ళొత్తుకుంది.

"అక్కడ నీ మాట చదవగానే ఒక్క క్షణం హాయిగా అనిపించిందమ్మా. నిజంగా తగిలిందేమోలే అనుకున్నాను. అందుకే భయమేసింది. ఇలాగైతే మళ్ళీ కొడతాను."

ఆమె తలెత్తలేదు. ఆ రోజు తాను నిద్రపోతున్నానని పోలీసులకూ, కోడలి అక్కకూ, అందరికీ ఒకటే చెప్పింది. కోడలు ఆ మాట కాదనలేదు. ఆ తరవాత ఈ అత్తగారికి ఫోనూ చెయ్యలేదు.

అతను కాగితం మడిచాడు.

"పడిపోయాక తను నిన్నే పిలిచింది. అత్తయ్యా అని, మూడుసార్లు. నువ్వు నిజంగా నిద్రపోయావా?"

పై వాటాలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తల్లి చేతులు తుడుచుకుంది. ఎప్పుడో ఆరిపోయిన చేతుల్ని మళ్ళీ తుడుచుకుంది. అతను కదలకుండా కూర్చున్నాడు.

"లేదురా," అంది. "మెలకువగానే ఉన్నాను. పక్కవాళ్ళకి వినపడకూడదని టీవీ సౌండు పెంచాను."