రెండో వైరు

మామయ్య వైరింగు పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ముప్ఫయ్యేళ్ళుగా బళ్ళ కింద వెల్లకిలా పడుకుని, ఎక్కడ వైరు తెగిందో ఎక్కడ తుప్పు పట్టిందో ఇట్టే పట్టేసేవాడు. దాంతో కాస్త పొగరు కూడా ఉండేది, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కారణం లేని కంప్లయింటు లోకంలోనే లేదనేవాడు. మీటరు పెడితే కరెంటు తన గుట్టు తనే కక్కేస్తుందనేవాడు. కూతురు అలిగి మాట్లాడకపోయినా సరే, ముందు ఎక్కడ లూజుందో చూడమని భార్యకి చెప్పేవాడు.

అలాంటి మామయ్యని అల్లుడు ఆ రోజు పొద్దున్నే ఫోను చేసి రమ్మన్నాడు. అల్లుడిది నీళ్ళ సంపులు తోడి కడిగే పని. అందుకోసం ఒక పాత వ్యాను కొన్నాడు. వెనక పంపు, దాన్ని నడిపే బ్యాటరీలు, గొట్టాలు, అన్నీ బిగించి ఉన్నదే చవగ్గా దొరికింది. ఇప్పుడా వ్యాను ఒక మూతపడ్డ షాపింగు బిల్డింగు సెల్లారులో ఆగి ఉంది. అక్కడి సంపు తోడటానికి నిన్న దిగితే, పంపు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందట. అది చాలదన్నట్టు బజరు ఊరికే మోగుతోందట.

ఈ బజరు సంగతి చెప్పాలి. సంపులోకి దిగినవాడి గొంతు పంపు మోతలో పైకి వినబడదు. అందుకని దిగేవాడు మెడలో ఒక బటను వేసుకుంటాడు. దాని వైరు వ్యాను దాకా ఉంటుంది. ఒకసారి నొక్కితే పంపు వెయ్యమని. రెండుసార్లు నొక్కితే ఆపమని. మూడుసార్లు నొక్కితే నన్ను పైకి లాగమని. దిగినవాడి నడుముకి కట్టిన తాడు పట్టుకుని పైన ఒకడు కాచుకుని ఉంటాడు. మూడు మోగాయా, ఇంక అడగడాలు, ఆలోచించడాలు లేవు, లాగడమే. ఈ పని చేసేవాళ్ళందరికీ అదే కట్టుబాటు.

నిన్న సంపులో ఎవరూ లేకుండానే మూడుసార్లు మోగింది. తాడు పట్టే భాగస్తుడు ఆ మోతకి జడుసుకుని, రేపట్నుంచి రానని మొహం మీదే చెప్పి వెళ్ళిపోయాడు. కాబట్టి ఈ రోజు రిపేరూ మామయ్యదే, తాడూ మామయ్యదే. బయల్దేరుతుంటే కూతురు గుమ్మం దాకా వచ్చి, ఆయన దూకుడు మనిషి నాన్నా, నువ్వు దగ్గరుండి చూసుకో అంది. నేనున్నాగా అన్నాడు మామయ్య.

సెల్లారులోకి దిగేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. బయట మబ్బు కమ్మి ఉంది. ఏటవాలు దారి మీంచి వచ్చే వెలుతురు వ్యాను దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దాని వెనకంతా చీకటి. ఎప్పట్నుంచో కదలని నీళ్ళ వాసన, తడి సిమెంటు వాసన. నేల మధ్యలో చదరపు కంత, పక్కన ఇనుప మూత. కంతలోకి లైటు వేస్తే నల్లటి నీళ్ళు, వాటి మీద నూనె తెట్టు. లోపల అడ్డగోడ కట్టి రెండు గదులు చేశారనీ, గోడ అడుగున మనిషి దూరేంత సందు ఉందనీ అల్లుడు చెప్పాడు. అవతలి గది పైనుంచి కనబడదు.

మామయ్య ముందు పంపు పట్టాడు. బ్యాటరీ దగ్గర చూస్తే పన్నెండున్నర వోల్టులు, నిక్షేపంలా ఉంది. పంపు వేసి, పంపు దగ్గర చూస్తే తొమ్మిదే. మిగతా మూడున్నరా దారిలో ఎవరు మింగారు? వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే, బండి చాసిసుకి బిగించిన ఎర్తు బోల్టు కింద తుప్పు దొరికింది. గరుకు కాయితంతో రుద్ది, బోల్టు బిగించాడు. పంపు హాయిగా తిరిగింది. అల్లుడి మొహం వెలిగింది.

తర్వాత బజరు. అల్లుడి బటను ప్లగ్గు ఊడబీకి, ఆ వైరు చుట్ట తన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు మామయ్య. పంపు ఆపేశారు. ఎక్కడో పైపులోంచి చుక్కలు పడుతున్నాయి.

కాసేపటికి బజరు మోగింది. ఒకటి... రెండు... మూడు.

అల్లుడు బిక్కమొహం వేశాడు. మామయ్య మాత్రం దొంగ దొరికినట్టు నవ్వాడు. ప్లగ్గు లేకుండా మోగిందంటే ఇంకో వైరు ఎక్కడో ఉందన్నమాట. బజరు వెనక బిగించిన ప్లైవుడ్డు చెక్క విప్పి చూస్తే నిజంగానే ఉంది. బజరు నుంచి రెండో వైరు ఒకటి వ్యాను నేల కిందికి పోయింది. బండి కింద దాన్ని ఎవరో కోసేశారు. రెండు రాగి కొసలు జానెడు ఎడంగా వేలాడుతున్నాయి. ఒకప్పుడు ఇద్దరు దిగేవాళ్ళనీ, ఇద్దరికీ చెరో బటను ఉండేదనీ మామయ్యకి అర్థమైంది. ఆ కొసలు ఒకదానికొకటి తగిలే వీల్లేదు. ఆయన ఒక్క క్షణం చూసి, చెమ్మ అన్నాడు. తడికి వైరు లోపలే కలుస్తోందన్నాడు.

అప్పటిదాకా ఓ పక్కన ఇనుప కుర్చీలో కూర్చుని చూస్తున్న బిల్డింగు వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు. ఈ బండి ఇంతకుముందు కూడా ఇక్కడికి వచ్చిందన్నాడు. అప్పుడు రంగు వేరు, మనుషులు వేరు. ఇద్దరు వచ్చారట. పని సగంలో ఉండగానే మూత పెట్టేసి, బండి తోలుకుని వెళ్ళిపోయారట.

"ఇద్దరూ వెళ్ళారా?" అన్నాడు అల్లుడు.

"నేను చూసింది ఒక్కణ్ణే. రెండోవాడు వెనక ఎక్కాడేమో అనుకున్నా."

మామయ్య ఆ మాట చెవిన పెట్టలేదు. ఉబుసుపోని కబుర్లు వింటూ కూర్చుంటే పని తెమలదని విసుక్కున్నాడు. అసలు తప్పు అక్కడే జరిగింది. ఇంకొకరైతే అప్పుడే మూటాముల్లే సర్దేవారు. ఆయన ఎలక్ట్రీషియను కాబట్టి కంప్లయింటుని విడదీశాడు. అల్లుడి బటనుని బజరు మీంచి తప్పించి, ఒక ఎర్ర బల్బుకి కలిపాడు. బజరుని పాత వైరు మీదే వదిలేశాడు. మళ్ళీ మోగితే ఏ వైరు పాడో తేలిపోతుందని ఆయన లెక్క.

"బల్బు వెలిగితే నువ్వు. బజరు మోగితే పాడు వైరు. అంతే కదా అల్లుడూ?"

"అంతే మామయ్యా."

అల్లుడు నడుముకి తాడు కట్టుకుని, బటను మెడలో వేసుకుని, నిచ్చెన మెట్లు దిగాడు. తాడు రెండో కొస వ్యాను కొక్కేనికి కట్టి ఉంది. బల్బు ఒకసారి వెలిగింది. మామయ్య పంపు వేశాడు. నీళ్ళు గొట్టంలోంచి బయటి కాలవలోకి పోసాగాయి. తాడు కొంచెం కొంచెంగా లోపలికి జారింది. అల్లుడు అడ్డగోడ సందులోంచి అవతలి గదిలోకి దూరాడని తెలిసింది.

పది నిమిషాలు గడిచాయి.

బజరు మోగింది. మూడుసార్లు.

మామయ్య బల్బు వంక చూశాడు. చీకటిగా ఉంది. తన లెక్క సరిపోయినందుకు ఆయనకి లోలోపల సంతోషం కూడా వేసింది. మోగనీ అనుకున్నాడు.

మళ్ళీ మూడు. ఈసారి ఆగి ఆగి, గట్టిగా.

మళ్ళీ మూడు.

చెవులు చిల్లులు పడుతున్నాయని విసుగొచ్చి, బజరు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. మోత ఆగింది. పంపు ఒక్కటే గురగురమంటోంది. వాచ్‌మన్ కుర్చీ లోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. సంపు కంతలోంచి ఏదో కుళ్ళు వాసన సన్నగా పైకి వచ్చింది.

అప్పుడు బజరు మోగింది.

మామయ్య జేబు తడుముకున్నాడు. ఫ్యూజు జేబులోనే ఉంది. మీటరు తీసి, రెండు సూదులూ బజరు మీద పెట్టాడు. సున్నా. వైరులో చుక్క కరెంటు లేదు. ఆయన కళ్ళ ముందే, మీటరు సున్నా చూపిస్తుండగానే, అది మోగింది. ఒకటి... రెండు... మూడు... ఆగలేదు... ఒకటి... రెండు... మూడు...

మామయ్యకి కూతురు గుమ్మంలో నిలబడి అన్న మాట గుర్తొచ్చింది. మీటరు అక్కడే వదిలేసి తాడు దగ్గరికి ఉరికాడు. తాడు వదులుగా పడి ఉంది. కంతలోకి వంగి అల్లుణ్ణి పిలిచాడు. పలుకు లేదు. మళ్ళీ పిలిచాడు. లేదు.

లాగాడు. వాచ్‌మన్ వచ్చి వెనక పట్టుకున్నాడు. ఇద్దరూ కాళ్ళు తన్నిపెట్టి లాగారు. అరచేతులు కమిలిపోయాయి. తాడు ముందు బిగుసుకుని, తర్వాత ఒక్కసారిగా తేలిగ్గా కదిలింది, అడుగు నుంచి ఎవరో సాయం పట్టినట్టు. అల్లుడి తల కంతలోంచి బయటికి వచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. మెడలో బటను లేదు.

నేల మీద పడుకోబెట్టి వీపు మీద చరిస్తే నల్లటి నీళ్ళు కక్కాడు. ఊపిరి అందింది. మామయ్యకి ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు. నడుము దగ్గర తాడు ముడి విప్పుతుంటే కొస చేతిలోంచి జారి కంతలో పడిపోయింది. దాని సంగతి అప్పుడు ఎవరికి కావాలి? ఇద్దరూ కలిసి అల్లుణ్ణి ఎత్తి వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టారు.

బండి తియ్యాలంటే గొట్టం, వైరు, తాడు మూడూ సంపులోకి వేలాడుతున్నాయి. మామయ్య పంపు ఆపి, గొట్టం ఊడదీసి పక్కన పారేశాడు. బటను వైరు ప్లగ్గు పీకి వదిలేశాడు. తాడు మాత్రం కొక్కేనికి బిగిసిపోయింది, విప్పే తీరిక లేదు. గబగబా పైకి చేదేశాడు. బరువుగా వచ్చింది. బురద పట్టిందనుకున్నాడు. కంత అంచు దాకా బరువుగానే వచ్చి, అక్కడ చటుక్కున తేలికైపోయింది. చుట్ట చుట్టి వెనక పడేసి, తలుపులు మూసి, బండి ఎక్కాడు.

పైకి రాగానే వాన మొదలైంది. పగటి వెలుతురు చూసేసరికి మామయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆసుపత్రి ఎంతో దూరం లేదు. అల్లుడు తలుపుకి ఆనుకుని వణుకుతున్నాడు. మాట్లాడొద్దని మామయ్య చెబుతూనే ఉన్నాడు. అయినా అల్లుడు గుసగుసగా చెప్పుకుపోయాడు. అవతలి గదిలోకి దూరగానే తల తిరిగిందట, కాళ్ళలో సత్తువ పోయిందట. బటను తెగి బురదలో పడిపోయిందట. అరుద్దామంటే గొంతు పెగల్లేదట. మునిగిపోతుంటే ఎవరో గడ్డం కింద చెయ్యి పెట్టి తలని నీళ్ళ పైకి ఎత్తి పట్టుకున్నారట.

"అక్కడ ఒకడున్నాడు మామయ్యా."

మామయ్య రోడ్డు వంకే చూస్తున్నాడు.

"నేను మోగిస్తా, వాళ్ళు నిన్ను లాగుతారు అన్నాడు. నీ తర్వాత నన్ను కూడా లాగమను అన్నాడు."

"నువ్వేమన్నావు?" అన్నాడు మామయ్య.

"సరేనన్నాను... తప్పుతుందా మరి? నన్ను పట్టుకుని ఉన్నాడు కదా." అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. "తాడు అక్కడే వదిలేశాం కదా మామయ్యా?"

ఎదర ఎర్ర లైటు పడింది. మామయ్య బండి ఆపాడు. చూడకూడదనుకుంటూనే తల తిప్పి, సీట్ల మధ్య జాలీలోంచి వెనక్కి చూశాడు. తాడు చుట్ట నేల మీద ఉంది. దాని కొసన, ఇందాక తన చేత్తో తను విప్పేసిన చోట, మళ్ళీ ముడి వేసి ఉంది. గట్టి ముడి. ఆ ఉచ్చు వదులుగా పడి లేదు. బక్కపల్చటి మనిషి నడుము చుట్టూ బిగించినట్టు, గుండ్రంగా, నేలకి రెండడుగుల ఎత్తున నిలబడి ఉంది.